పెట్రోలుకూ వయసొస్తుంది

“కారు బాగానే ఉండేదండీ. నాన్నగారు పోయాక షెడ్డులో పెట్టేశాం. మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. కొత్త బ్యాటరీ వేసి, ఐదు లీటర్ల పెట్రోలు పోస్తే స్టార్టవదా?”

ఇంట్లో పాత అంబాసిడరో, ఫియట్టో మిగిలిపోయినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. దీని వెనక ఒక నమ్మకం ఉంది. వాడలేదు కాబట్టి అరగలేదు, అరగలేదు కాబట్టి చెడలేదు అని. గేర్ల విషయంలో, ఇరుసుల విషయంలో అది చాలావరకు నిజమే. ఇంజను కూడా, లోపలికి నీళ్లు దిగకపోతే, బిగుసుకుపోయినా కాస్త ఓపిక పడితే వదులవుతుంది. అసలు చిక్కంతా ట్యాంకులో మిగిలిన పెట్రోలుతోనే. కారు కదలకుండా నిలబడి ఉన్నన్నాళ్లూ అది మాత్రం మారుతూనే ఉంటుంది. కొంత గాలిలో కలిసిపోతుంది, కొంత బంకగా గట్టిపడుతుంది, మిగతాది ట్యాంకును లోపలి నుంచి తినే పనికి తోడవుతుంది. బ్యాటరీ వేసి తాళం తిప్పిన మరుక్షణం ఆ బంకా తుప్పూ కలిసి ఇంజను వైపు ప్రయాణం కడతాయి. అందుకే అనుభవమున్న మెకానిక్ ఎవరైనా, ముందు ఆ తాళం తన చేతికివ్వమంటాడు.

ఈ అధ్యాయానికి ప్రీమియర్ పద్మినిని ఉదాహరణగా పెట్టుకుందాం. ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీ నుంచి 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలై, 1974 నుంచి పద్మినిగా పిలిపించుకున్న కారు ఇది. 1,089 సీసీ ఇంజను. పేరు ఎన్నిసార్లు మారినా మన ఊళ్లలో అది ఫియట్ కారే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 2014 మే దాకా తయారైన అంబాసిడర్ పెట్రోలు బండికి కూడా ఇక్కడ చెప్పేది దాదాపు అంతా వర్తిస్తుంది. రెండింట్లోనూ దారి ఒకటే. వెనకాల ట్యాంకు, అక్కణ్ణించి బండి కింద సన్నని గొట్టం, ఇంజను పక్కన పంపు, ఇంజను మీద కార్బొరేటర్. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. కాబట్టి ఏది చెడినా కంటితో చూడొచ్చు, చేత్తో విప్పొచ్చు.

ముందు పోయేది తేలిక సరుకు

బంకులో గొట్టంలోంచి దిగే పెట్రోలు ఒకే పదార్థంలా కనిపిస్తుంది కానీ, అందులో కొన్ని వందల రకాల హైడ్రోకార్బన్లు కలిసి ఉంటాయి. నాలుగు కార్బన్ పరమాణువుల చిన్న అణువుల నుంచి పన్నెండు దాకా ఉన్న పెద్దవాటి వరకు. చిన్నవి మన ఎండాకాలపు వేడికే మరిగిపోయేంత చురుకైనవి. పెద్దవి ఆవిరి కావాలంటే 200 డిగ్రీల దాకా వేడి కావాలి. వీటిని తేలిక భాగాలు, బరువు భాగాలు అని పిలుచుకుందాం.

మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ విసిరినప్పుడు అంటుకోవడానికి ఆవిరి సిద్ధంగా ఉండాలి. ఆ ఆవిరిని ఇచ్చేవి తేలిక భాగాలే. బరువు భాగాలు ఇంజను వేడెక్కాక పనికొస్తాయి. నిలబెట్టిన కారులో ముందు ఎగిరిపోయేవి ఈ తేలిక భాగాలు. పాత కార్ల ట్యాంకుకు గాలి ఆడే మార్గం ఉంటుంది, లేకపోతే పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి సరఫరా ఆగిపోతుంది. పగలు వేడికి లోపలి ఆవిరి వ్యాకోచించి ఆ మార్గంలో బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక బయటి గాలి లోపలికి వస్తుంది. ఇలా మూడు నుంచి ఆరు నెలలు గడిస్తే, ట్యాంకులో మిగిలేది మండగలిగినా అంటుకోవడానికి మొరాయించే ద్రవం. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతుంది తప్ప ఇంజను అందుకోదు.

దీన్ని వాసనతోనే పట్టెయ్యొచ్చు. తాజా పెట్రోలు ఘాటు ముక్కులోకి సూటిగా దూసుకుపోతుంది. ముదిరిన పెట్రోలుది పాత రంగుల డబ్బా మూత తీసినట్టుండే పుల్లటి, మందమైన వాసన. గాజు సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే తాజాది తేటగా ఉంటుంది, పాతది టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంటుంది.

బంక ఎలా పుడుతుంది

ఆవిరైపోవడం ఒక్కటే అయితే కొత్త పెట్రోలు కలిపి సరిపెట్టుకోవచ్చు. అసలు నష్టం మిగిలిన భాగంలో జరిగే రసాయన చర్యది.

దాన్ని చూడాలంటే వంటింట్లోకి వెళ్లండి. పొయ్యి పక్కన నూనె డబ్బా ఉంటుంది కదా, దాని మూతి అంచున, కారిన చార వెంబడి పసుపుపచ్చని బంక పట్టి ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీదా అదే. అది ఒకప్పుడు నూనే. కానీ వేలితో రుద్దితే పోదు, గుడ్డకు నూనె రాసి తుడిచినా పోదు. గోరుతో గీకితే పొరలా లేస్తుంది. నూనె అణువుల్లో కొన్నిచోట్ల జంట బంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్ అక్కడ పట్టు దొరకబుచ్చుకుని, పక్క అణువుతో దీన్ని ముడి వేస్తుంది. ఆ ముడి నుంచి ఇంకో ముడి. చివరికి విడివిడిగా పారే అణువులు ఒకదానికొకటి గొలుసు కట్టుకుని కదలని పొరగా మారిపోతాయి. పలచగా గాలి తగిలేచోట, పొయ్యి సెగ తగిలేచోట ఇది తొందరగా జరుగుతుంది. అదే నూనె నిండు డబ్బాలో, మూత బిగించి, చల్లటి చోట ఉంటే నెలల తరబడి బాగుంటుంది. పొయ్యి పక్కన అంచుకు అంటిన చుక్క మాత్రం కొన్ని వారాల్లో బంకైపోతుంది. అవిసె నూనెతో వార్నిష్ చేసేవాళ్లు ఈ గుణాన్నే అమ్ముకుంటారు.

కారులోనూ ఇదే కథ, దాదాపు ఇదే రసాయనం. ముడి చమురు నుంచి నేరుగా వచ్చే పెట్రోలు కొంతే. విశాఖ రిఫైనరీ లాంటి చోట్ల బరువైన నూనెల అణువులను విరగ్గొట్టి కూడా పెట్రోలు తీస్తారు. అలా విరిచినప్పుడు జంట బంధాలున్న అణువులు పుడతాయి. వాటిని ఒలిఫిన్లు అంటారు. ఆక్సిజన్‌కు దొరికేవి ముందుగా ఇవే. అవి గొలుసు కట్టకుండా రిఫైనరీలోనే నిరోధకాలు కలుపుతారు. ఆ నిరోధకాలు ఆక్సిజన్ దాడికి ముందు తామే ఎదురెళ్లి ఖర్చైపోతాయి. ఖర్చైపోయిన రోజు నుంచి బంక కట్టడం జోరందుకుంటుంది. వేడి దీన్ని ఇంకా ఎగదోస్తుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకు చర్య వేగం రెట్టింపవుతుందని లెక్క వేసుకోవచ్చు. మే నెలలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన కారుకు ఇది పెద్ద శిక్ష. రాగి కూడా ఈ చర్యను తొందరపెట్టే లోహమే. పాత కార్లకు ఎవరైనా రిపేరులో రాగి గొట్టం వేసి ఉంటే అక్కడ బంక మరింత.

అమ్మకానికి వచ్చే పెట్రోల్లో బంక 100 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అది చాలా తక్కువే. కానీ ట్యాంకులో కట్టే బంక కన్నా కార్బొరేటర్ గిన్నెలో కట్టేదే ఎక్కువ బాధపెడుతుంది. ఆ గిన్నెలో పట్టేది గుప్పెడు పెట్రోలు. చివరిసారి ఇంజను ఆపాక, కింది నుంచి వచ్చే వేడికి అదంతా ఆవిరైపోతూ తనలోని బంకను అడుగున వదిలి పోతుంది. గిన్నె మూత విప్పితే అడుగున గోధుమరంగు పొర, గోడల మీద ఒక్కో మట్టానికి ఒక్కో గీత కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు ముడి. గట్టిపడ్డ ఈ బంక పెట్రోల్లో కరగదు. ఆక్సిజన్ చేరి చేరి దాని స్వభావమే మారిపోయింది. పెట్రోలు లాంటి నూనెజాతి ద్రవాలకు లొంగదు. ఎసిటోన్‌కు, ఆల్కహాల్‌కు, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేలో ఉండే ద్రావకాలకు లొంగుతుంది. “కొత్త పెట్రోలు పోస్తే పాతది అదే కొట్టుకుపోతుంది” అనే మాట ఇక్కడే తేలిపోతుంది. కిరోసిన్లో నానబెట్టడం మన షెడ్లలో అలవాటు. జిడ్డు వరకు అది పనిచేస్తుంది, బంక విషయంలో చేసేది పైపై మెరుగే. అయితే ఇవాళ బంకులో దొరికే పెట్రోల్లో ఆల్కహాల్ ఉంది. అది బంకను కరిగిస్తుంది కూడా. ఆ సంగతి చివర్లో.

ట్యాంకులోకి నీళ్లెలా వచ్చాయి

గాలి మార్గంలో రాత్రిపూట లోపలికి వచ్చే గాలితో తేమా వస్తుంది. అది ట్యాంకు గోడల మీద నీరై దిగుతుందని అందరూ చెప్పేదే. ఎంత నీరో ఎవరూ చెప్పరు కాబట్టి లెక్క కడదాం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో 25 లీటర్ల గాలి ఉందనుకుంటే, పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడాకు రోజుకు లీటరుం పావు గాలి లోపలికీ బయటికీ తిరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర నిండా తేమతో ఉన్న ఘనమీటరు గాలిలో 23 గ్రాముల నీరుంటుంది. ఆ తేమంతా ఒక్క చుక్క పోకుండా నీరైనా ఏడాదికి 10 గ్రాములు. పదేళ్లకు 100. అనంతపురంలో అందులో సగమైనా రాదు, కాకినాడలో అంతకన్నా కొంచెం ఎక్కువ రావొచ్చు. లీటర్ల కొద్దీ నీళ్లు కనిపించాయంటే అది గాలి తేమ కాదు. మూత రబ్బరు పగిలి వానో, బండి కడిగిన నీళ్లో దిగాయన్నమాట.

అయినా తుప్పుకు ఆ కొంచెం చాలు. నీరు పెట్రోలు కన్నా బరువు, అడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. ఇంజనుకు పెట్రోలు తీసుకెళ్లే గొట్టం మూతి ఉండేది కూడా అడుగునే. ట్యాంకు అడుగు నీటి కింద తుప్పు పడుతుంది, పై సగం తేమ గాలికి తుప్పు పడుతుంది. మధ్యలో పెట్రోలు తడిసి ఉన్న మేర మాత్రం రేకు చాలాసార్లు మెరుస్తూనే ఉంటుంది. అందుకే కారును కొన్నాళ్లు నిలపాల్సొస్తే ట్యాంకు నిండుగా ఉంచమంటారు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు అయితే వ్యవహారం వేరు. ఇథనాల్ నీళ్లను తనలో కలుపుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు అర శాతం దాకా నీటిని కనపడకుండా దాచుకోగలదు. అది దాటితే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీళ్ల పక్షం చేరుతుంది. రెండూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. ఐదు లీటర్లు మిగిలిన ట్యాంకులో ఇందుకు 25 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. ఆ అడుగు పొర ఇంజనులో సరిగా మండదు, పైగా ట్యాంకు రేకును, కార్బొరేటర్ లోహాన్ని మామూలు నీటి కన్నా వేగంగా తింటుంది. సీసాలో పట్టిన పాత పెట్రోల్లో మధ్యన అడ్డంగా సన్నని గీత కనిపిస్తే జరిగింది ఇదే.

పని ట్యాంకు దగ్గర మొదలు

కార్బొరేటర్ కళ్లెదురుగా, చేతికందేలా ఉంటుంది. అందరి చెయ్యీ ముందు దాని మీదకే వెళుతుంది. దాన్ని శుభ్రం చేసి బిగించాక ట్యాంకులోని తుప్పు వచ్చి మళ్లీ పూడ్చేస్తుంది. పెట్రోలు ఎటు పారుతుందో పనీ అటే సాగాలి. ట్యాంకు, గొట్టం, పంపు, చివర కార్బొరేటర్.

ఒక సంగతి ముందే. బ్యాటరీ తీగ విప్పేయాలి, పని ఆరుబయట చేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకి, గుంతల్లో చేరి, పదడుగుల అవతల పూజ గదిలో దీపాన్ని కూడా వెతుక్కోగలదు. గాలిలో అది 1.4 శాతం ఉంటే అంటుకుంటుంది, 7.6 శాతం దాటితే గాలి చాలక అంటుకోదు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదమనేది ఈ అంకెల వల్లే. నిండుదాంట్లో ఆవిరి మరీ చిక్కన, ఖాళీదాంట్లో సరిగ్గా పేలేంత. రేడియేటర్ షాపుల్లో పాత మనిషి పెట్రోలు ట్యాంకుకు టంకం పెట్టే ముందు దాన్ని అంచు దాకా నీళ్లతో నింపి, చిల్లి ఉన్న వైపు మాత్రం పైకి తిప్పుకుంటాడు. ఆవిరి నిలిచే చోటే లేకుండా చెయ్యడం అది. కడిగాం కదా అని ఖాళీ ట్యాంకుకు వెల్డింగు పెట్టేవాళ్ల దగ్గర నిలబడకండి.

పాత పెట్రోలు తీయడానికి గొట్టం పెట్టి నోటితో పీల్చడం ఇంకా చూస్తుంటాం. మింగడం కన్నా, ఒక గుక్క ఊపిరితిత్తుల్లోకి జారడం ప్రమాదం. అక్కడ అది పలచగా పరుచుకుని న్యుమోనియా తెస్తుంది. మింగిన మనిషిచేత వాంతి చేయించడం కూడా ఈ కారణంగానే తప్పు, రెండోసారి ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు. చేత్తో నొక్కే చిన్న పంపు బజార్లో చవగ్గా దొరుకుతుంది.

ట్యాంకు దించి, కడిగి, ఆవిరంతా పోయాక లోపలికి టార్చి వేసి చూడాలి. ఎర్రటి పొడిలా ఉంటే పర్వాలేదు. పొలుసులు లేచి ఉంటే, బయటి నుంచి సుత్తి పిడితో తట్టి వినాలి. ఖంగుమంటే రేకు మిగిలుంది. చప్పగా మోగిన చోట రేకు పేరుకే ఉంది.

తుప్పు వదిలించడానికి మన కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, చక్కగా పనిచేస్తుంది. వేడినీళ్లలో కలిపి నింపి ఒకటి రెండు రోజులు ఉంచితే, సిట్రేటు ఇనుప అయాన్లను చుట్టుముట్టి నీటిలోకి లాక్కుంటుంది. ద్రవం ముదురు పసుపు నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. బాగున్న ఇనుము మీద దీని ప్రభావం తక్కువే కానీ లేకపోలేదు, అందుకని వారాల తరబడి వదిలెయ్యకూడదు. పొలుసులు మొండికేస్తే నట్లు, బోల్టులో, ఇనుప గొలుసో లోపల వేసి ట్యాంకును అటూ ఇటూ ఊపుతారు. వేసినవన్నీ లెక్కపెట్టి బయటికి తియ్యడం మరిచిపోయే పని. అందుకే గొలుసు మేలు, ఒక కొస పట్టుకుంటే మొత్తం వస్తుంది.

కష్టమంతా పోయేది తర్వాతి అరగంటలోనే. ఆమ్లం కడిగిన ఇనుము మీద ఏ రక్షణా ఉండదు. తడిగా వదిలేస్తే మీరు టీ తాగొచ్చేలోపు నారింజ రంగు తిరుగుతుంది. వంటసోడా నీళ్లతో ఒకసారి తిప్పి ఆమ్లాన్ని చంపి, మంచినీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలి పట్టి ఆరబెట్టి, కాస్త ఇంజను ఆయిలు కలిపిన పెట్రోలుతో లోపలంతా తడిపేయాలి. లోపల రెసిన్ పూత పోసే కిట్లు కూడా ఉన్నాయి. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. రేకు పూర్తిగా పొడిగా, శుభ్రంగా లేకపోతే కొన్నేళ్లకు ఆ పూతే చర్మంలా లేచి గొట్టం మూతికి అడ్డం పడుతుంది. దాన్ని మళ్లీ తియ్యడం తుప్పు తియ్యడం కన్నా కష్టం. చిల్లులు పడ్డ ట్యాంకుకు ఇంకో దారి లేనప్పుడు చూసుకోవచ్చు.

ఆ పాత పెట్రోలును మురుక్కాలవలోనో, పెరట్లోనో పారబోయకండి. లీటరు పెట్రోలు బోలెడు బావినీటిని పాడు చేస్తుంది.

రబ్బరు గొట్టం, పంపు

బండి కింద పోయే లోహపు గొట్టానికి గాలి కొట్టి చూస్తే చాలు. మధ్యమధ్య అతికిన రబ్బరు ముక్కలను మాత్రం చూడకుండానే మార్చేయాలి. రబ్బరు మెత్తగా ఉండటానికి తయారీలో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. ఏళ్ల తరబడి పెట్రోలు వాటిని కొద్దికొద్దిగా కరిగించి పట్టుకుపోతుంది. పెట్రోలు ఉన్నన్నాళ్లూ ఆ ఖాళీని తనే నింపి ఉంచుతుంది కాబట్టి రబ్బరు ఉబ్బి, బాగున్నట్టే కనిపిస్తుంది. గొట్టం ఎండిన రోజు అది ముడుచుకుని పగుళ్లిస్తుంది. వంచి చూస్తే బీటలు కనిపిస్తాయి. కొత్తది కొనేటప్పుడు ఇథనాల్ తట్టుకునేదే అడగాలి, మామూలు నీళ్ల పైపు పెట్టి క్లిప్పు బిగించినవి చాలాచోట్ల చూస్తాం.

పంపులో ఉండేది రబ్బరు పూసిన గుడ్డ బిళ్ల ఒకటి, డయాఫ్రం. ఇంజనులోని క్యామ్ షాఫ్ట్ ఒక మీటను ఆడిస్తుంటే అది కిందికీ పైకీ కదిలి పెట్రోలు లాగి, నెడుతుంది. ఒత్తిడి చాలా తక్కువ, 0.2 నుంచి 0.3 బార్. ఎండిపోయిన డయాఫ్రం చిరిగితే ఇంజనుకు పెట్రోలు అందకపోవడం చిన్న నష్టం. పెద్ద నష్టం పైకి కనపడదు. పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి, చిరిగిన చోటు నుంచి పెట్రోలు నేరుగా ఇంజను ఆయిల్లోకి కారుతుంది. పలచబడ్డ ఆయిలు బేరింగుల మధ్య నిలవదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడాలి. ఆయిలు మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందంటే ఇంజను తిప్పనే వద్దు.

పంపు బదులు ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకునేవాళ్లున్నారు. తప్పేమీ లేదు, కాకపోతే ఇంజెక్షన్ కారు పంపు ఒత్తిడి 3 బార్ దాకా ఉంటుంది. దాన్ని తెచ్చి పెడితే కార్బొరేటర్ సూది ఆపలేక పెట్రోలు వేడి ఇంజను మీదికి పొంగుతుంది.

అర మిల్లీమీటరు బెజ్జం

కార్బొరేటర్ పని గాలిలో పెట్రోలు తగుపాళ్లలో కలపడం. గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నబడుతుంది. సన్నటి చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి పడిపోతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త వెంచూరి పరిశీలించిన సంగతి ఇది, ఆ ఇరుకును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒత్తిడి తగ్గిన ఆ చోటికి పక్క గిన్నెలోంచి పెట్రోలు తనంతట తనే ఉబికి వస్తుంది. ఎంత రావాలో నిర్ణయించేది జెట్. జెట్ అంటే ఇత్తడి స్క్రూ మధ్యలో తొలిచిన బెజ్జం, అంతే. పద్మినికి వేసిన సోలెక్స్ తరహా కార్బొరేటర్లలో జెట్ మీద చిన్న అంకె చెక్కి ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క అది. 125 అంటే బెజ్జం 1.25 మిల్లీమీటర్లు.

ఇంజను స్లోలో ఉన్నప్పుడు పెట్రోలు ఇచ్చే జెట్ ఇంకా సన్నం, దాదాపు అర మిల్లీమీటరు. దాని లోపలి గోడ మీద 0.05 మిల్లీమీటరు బంక పొర పట్టిందనుకోండి. బెజ్జం 0.4కు వస్తుంది. పారే దారి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మిగిలింది 64 శాతం. కంటికి ఆనని పొర మూడో వంతు పెట్రోలు ఆపేసింది. చోక్ లాగితే నడుస్తుంది, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే నడుస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. “స్లోలో నిలబడట్లేదు” అని మెకానిక్‌కి చెప్పే బళ్లలో సగానికి ఇదే జబ్బు.

ఆ బెజ్జంలో ఉక్కు తీగ పెట్టి గుచ్చితే బంకతోపాటు ఇత్తడీ పోతుంది. మెత్తని లోహం, ఒక్క గీతకే కొలత మారుతుంది. క్లీనరులో రాత్రంతా నానబెట్టి, ఎదురు వైపు నుంచి గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి చూడాలి. లోపల గుండ్రంగా, అంచులు పదునుగా కనిపించాలి. మరీ మొండిదైతే బ్రష్షులోంచి పీకిన నైలాన్ పోగు వాడొచ్చు.

గిన్నెలో తెల్లటి పొడి పేరుకుని కనిపిస్తే అది ఉప్పు కాదు. ఈ కార్బొరేటర్ల ఒళ్లు జింక్ మిశ్రమం. నీళ్లు నిలిచిన చోట జింక్ తుప్పు అలా తెల్లగా వస్తుంది. దాని కింద గుంతలు పడి ఉంటే కార్బొరేటర్ మార్చుకోవడం మంచిది.

గిన్నెలో పెట్రోలు మట్టం చూసుకునేది ఫ్లోటు, అది పైకి లేస్తే సూది వాల్వు దారి మూస్తుంది. ఫ్లోటు ఇత్తడిదైతే చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగలమంటే చిల్లి పడింది. చిల్లి ఎక్కడో తెలియాలంటే వేడినీళ్లలో ముంచాలి. లోపలి గాలి వ్యాకోచించి సరిగ్గా ఆ చోటు నుంచి బుడగలు వరసగా వస్తాయి. ముంచిన చేత్తోనే దాన్ని తిప్పి పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు. టంకం పెట్టే ముందు లోపలి పెట్రోలంతా అదే చిల్లి గుండా పోయేదాకా ఆగాలి, టంకం కూడా బొట్టుకు మించకూడదు. ఫ్లోటు బరువు పెరిగితే గిన్నెలో మట్టం పెరిగి బండి ఎప్పుడూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇన్నీ అయ్యాక కూడా మొదటిసారి ట్యాంకు నుంచి నడపకపోవడం తెలివి. బానెట్‌కు ఒక సీసా వేలాడదీసి, దాన్నుంచి సన్నని గొట్టం కార్బొరేటర్‌కు ఇస్తారు. పెట్రోలు దానంతటదే దిగుతుంది. ఇంజను బాగా నడిస్తే కార్బొరేటర్ వరకు పని అయినట్టే, తర్వాత ట్యాంకుకు కలిపినప్పుడు వచ్చే తేడా ఏదైనా పంపుదో, గొట్టానిదో అని తేలుతుంది. కార్బొరేటర్ నోట్లో నేరుగా పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే పద్ధతి మాత్రం వద్దు. ఒక్క ఎదురు మంట చాలు, పోసేవాడి కనుబొమలు పోతాయి.

ఇప్పటి పెట్రోలు, అప్పటి కారు

పద్మినిని గీసిన ఇంజనీర్ల పెట్రోల్లో సీసం ఉండేది, ఇథనాల్ లేదు. మన దేశంలో సీసం 2000 ఫిబ్రవరి నాటికి పూర్తిగా పోయింది. ఇథనాల్ 2003లో కొన్ని రాష్ట్రాల్లో ఐదు శాతంతో మొదలై, 2022 జూన్‌కు పది శాతానికి చేరింది. ఇరవై శాతం పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో విడుదల చేశారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. ఎప్పుడో ఆపేసిన కారులో తొలిసారి పోసే పెట్రోలు, ఆ కారుకు అలవాటు లేని పెట్రోలు.

బంక ఇథనాల్‌కు కరుగుతుందని చెప్పుకున్నాం. ఎంత కడిగినా గొట్టం మూలల్లో, ట్యాంకు అతుకుల్లో కొంత మిగులుతుంది. మొదట్లో బండి హాయిగా నడిచి, యాభై వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ మొరాయిస్తే కంగారు పడక్కర్లేదు. పాత బంక కరిగి కదిలి వచ్చింది. పంపుకు ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్టరు పెట్టుకుంటే లోపల కాగితం ఎరుపెక్కుతున్నదో, గోధుమరంగుకు తిరుగుతున్నదో కనిపిస్తుంది. ఎరుపైతే ట్యాంకు తుప్పు, గోధుమైతే బంక. తొలి నెలల్లో అలాంటివి రెండు మూడు మార్చాల్సి రావడం మామూలే.

ఇంకో తేడా పాళ్లలో. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ తన అణువులోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి ఇరవై శాతం మిశ్రమానికి 13.5 కిలోలు చాలు. కొత్త కారులో కంప్యూటరు దీన్ని కనిపెట్టి సరిదిద్దుకుంటుంది. జెట్‌కు కళ్లు లేవు, బెజ్జం ఎంతో అంతే. అంటే పాత కారు ఈ పెట్రోలుతో ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ తిండితో నడుస్తున్నట్టు. లాగుడు తగ్గడం, చల్లగా ఉన్నప్పుడు తుమ్మడం, ప్లగ్గుల మొన తెల్లబడటం దాని గుర్తులు. వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు. 125 జెట్ ఉన్నచోట 130 వేస్తే లెక్క సరిపోతుంది. మైలేజీ మాత్రం తిరిగి రాదు. ఇథనాల్ లీటరులో ఉన్న శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ.

ఎండాకాలం ఘాట్ రోడ్డు మీద అంబాసిడర్ ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చున్న డ్రైవర్లను ఒక తరం వాళ్లు చూసే ఉంటారు. పెట్రోలు పంపులోనే ఆవిరై, డయాఫ్రం ఆవిరిని నొక్కుతుందే తప్ప ద్రవాన్ని లాగలేకపోవడం అది. కొద్దిపాళ్లలో కలిసిన ఇథనాల్ పెట్రోలు ఆవిరయ్యే గుణాన్ని పెంచుతుంది, అందువల్ల ఈ బెడద ఇంకా పోలేదు. గొట్టాన్ని సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగా జరిపి, మధ్యలో ఒక రేకు అడ్డం పెడితే చాలావరకు తగ్గుతుంది.

బండి నడిచాక మళ్లీ రెండు మూడు నెలలు ఆపాల్సి వస్తే ట్యాంకు నిండా పోయించి ఆపండి, ఏడాది దాటుతుందనుకుంటే పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టి ఆపండి. అంతకన్నా ముఖ్యం, పంపుకొచ్చే గొట్టం విప్పి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపడం. కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. లోపల ఎండిపోయి గ్యాస్కెట్లు ముడుచుకుంటాయని కొందరు దీన్ని ఒప్పుకోరు. ముడుచుకుంటాయి, నిజమే. గ్యాస్కెట్ కొత్తది కొని వేసుకోవడానికి అరగంట పడుతుంది, జెట్ గోడ మీది బంక వదలడానికి రాత్రంతా పడుతుంది.